పేరు మీద అంటించిన కాగితం

నోట్సు

రెండు నెలల కిందట ఇద్దరు కొత్త లెక్చరర్లు శ్రీకాకుళంలోని మా ఇంటికి వచ్చారు. ఒకమ్మాయి, ఒకబ్బాయి. అమ్మాయి పేరు సుజాత. నేను ముప్పై రెండేళ్ళు చరిత్ర చెప్పి, తొమ్మిదేళ్ళ కిందట రిటైరైన కాలేజీలోనే ఇద్దరూ చేరారు. కుర్చీల్లో సరిగ్గా కూర్చోకుండానే సుజాత విషయానికి వచ్చింది.

"సార్, రోమన్ చరిత్ర పేపరు మాకిచ్చారు. మీ నోట్సుంటే ఇస్తారేటని వచ్చాం. ఫోన్లో ఫొటోలు తీసుకుని ఇప్పుడే ఇచ్చేస్తాం."

నాకు ఒళ్ళు మండింది. నోట్సట. పెళ్ళి వంటకి గరిటెలు అడిగినంత తేలిగ్గా అడిగింది.

"మూలం చదివారా?" అన్నాను.

"మూలం అంటే?"

"ఆ రోమన్లు స్వయంగా రాసుకున్న పుస్తకాలమ్మా. వాటి అనువాదాలు. లైబ్రరీలో రెండో బీరువా నిండా ఉండేవి. నేనే అట్టలు వేయించాను."

"లైబ్రరీ గదిని కంప్యూటర్ ల్యాబ్ సేసేరండి. పుస్తకాలు మూటలు కట్టి ఎక్కడో పెట్టారంట," అన్నాడు కుర్రాడు.

"మరి మీరెలా చదువుకున్నారు రోమ్ గురించి?"

"మాకు పైడిరాజు సార్ సెప్పేవారండి. నోట్సు బాగా సెప్పేవారు. కామాతో సహా సెప్పేవారు," అంది సుజాత గర్వంగా.

పైడిరాజు నా శిష్యుడు. ముప్పై రెండేళ్ళలో నాకు దొరికిన గొప్ప విద్యార్థి ఎవరంటే వాడి పేరే చెప్తాను. వాడు కామాతో సహా నోట్సు చెప్తున్నాడని విన్నాక ఇంక ఆగలేదు. ఆ పిల్లలిద్దరి మీదా ఇంతెత్తున లేచాను. మూలం ముట్టుకోనివాడు చరిత్ర క్లాసులో అడుగు పెట్టకూడదన్నాను. జీతానికి ఆశపడి వచ్చారన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. వాళ్ళు టీ తాగకుండానే లేచి వెళ్ళిపోయారు. మా ఆవిడ గ్లాసులు తీసుకుపోతూ, "ఆల మీద అరిస్తే ఆ మూటల్లో పుస్తకాలు బయటికొస్తాయేటి?" అంది.

రాలేదు. నోట్సుకి బదులు ఇది రాస్తున్నాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి నా ప్రమోషన్లతోనూ ఇంక్రిమెంట్లతోనూ పనిలేదు. నేను చెప్పాల్సింది ఒక అమ్మాయి రాసిన ఒక్క జవాబు గురించి. ఆ అమ్మాయి పేరు ధనలక్ష్మి. ఆ జవాబు వల్ల ఆమెకి ఒక ఏడాది పోయింది. అక్కడికి వెళ్ళాలంటే ముందు మా క్లాసు ఎలా నడిచేదో తెలియాలి.

కాగితం ముక్క

నేను చేరిన కొత్తలో నేనూ నోట్సే చెప్పాను. అబద్ధమెందుకు? బజార్లో దొరికే గైడు కొనుక్కుని, అందులోని వాక్యాలు నావే అన్నట్టు గొంతు సవరించుకుని చెప్పేవాణ్ణి. రోమన్ నాయకుడెవరైనా సరే, గైడులో గొప్ప సేనాని, గొప్ప వక్త, గొప్ప పరిపాలనాదక్షుడు. పేర్లు మారేవి, మాటలు మారేవి కావు.

ఒకనాడు లైబ్రరీలో తాళం వేసిన బీరువా కనిపించింది. తియ్యమంటే లైబ్రేరియన్ ఒప్పుకోలేదు. "పుస్తకం పోతే నా మెడకి సుట్టుకుంటాది మేస్టారూ. తియ్యకపోతే పోదు కదా," అన్నాడు. చదివితే పోతాయని పుస్తకాలకి తాళం వేసిన మనిషితో నేను నాలుగు నెలలు పోట్లాడాను. చివరికి తీశాడు. లోపల కింది అర చెదలు తినేసింది. పై అరల్లో మిగిలినవి ఇంగ్లీషు అనువాదాలు. రోమ్‌కి ఉత్తరాన ఉన్న గాల్ దేశాన్ని జయించిన రోమన్ సేనాని తన యుద్ధాల గురించి తనే రాసుకున్న పుస్తకం అందులో ఉంది.

ఆ సేనాని పేరు నేనిక్కడ చెప్పను. మీకు తెలుసు. పేరు వినగానే మీ బుర్రలో బొమ్మ ఒకటి లేచి నిలబడుతుంది, తల మీద ఆకుల కిరీటంతో సహా. మా క్లాసులోనూ అదే జరిగేది. పేరు చెప్పగానే పిల్లలు రాసుకోవడం మొదలుపెట్టేవారు, ఆలోచించడం మానేసేవారు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆ పుస్తకంలో పేజీలు కొన్ని తెలుగులోకి మార్చి, తెల్లకాగితాల మీద పెద్దక్షరాలతో రాసి, బెంచీకి ఒకటి ఇచ్చేవాణ్ణి. సేనాని పేరు వచ్చిన ప్రతి చోటా చిన్న కాగితం ముక్క అన్నం మెతుకుతో అంటించేవాణ్ణి. ముందు చదవాలి. ఇతనేం చేశాడు, ఈ సంగతి మనకి ఎవరు చెప్తున్నారు, ఇందులో ఎవరి మాట లేదు, ఈ మూడూ తేల్చాలి. అప్పుడే కాగితం పీకి పేరు చూడాలి.

ఇంతకు మించి నేను కనిపెట్టింది ఏమీ లేదు. ముప్పై ఏళ్ళు ఆ కాగితాలతోనే నెట్టుకొచ్చాను. ప్రతి వేసవిలోనూ చీమలు మెతుకుల్ని తినేసేవి. జూన్లో మళ్ళీ అంటించేవాణ్ణి.

అమ్ముడుపోయిన ఊరు

అందులో ఒక పేజీ ఉండేది. సేనాని ఒక కోట ఊరిని చుట్టుముట్టాడు. ఊరివాళ్ళు లొంగిపోయి ఆయుధాలు గోడ మీంచి బయట పడేశారు. కొన్ని లోపల దాచుకుని ఆ రాత్రే తిరగబడ్డారు, ఓడిపోయారు. మర్నాడు సేనాని ఊరు ఊరంతటినీ ఒకే బేరం కింద బానిసలుగా అమ్మేశాడు. ఎంతమందో తను లెక్కపెట్టలేదు. కొన్నవాళ్ళు లెక్కపెట్టి చెప్పారని రాసుకున్నాడు. ఆ తర్వాత మరో ఊరి సంగతికి వెళ్ళిపోయాడు.

నేను ఆ పేజీ ఇచ్చిన మొదటి బ్యాచిలోనే పైడిరాజు ఉన్నాడు. శ్రీముఖలింగం దగ్గర ఊరు వాడిది, వ్యవసాయం చేసే ఇల్లు. నాట్ల రోజుల్లో క్లాసుకి మోకాళ్ళ దాకా మన్నుతో వచ్చేవాడు. ఆ పేజీ చదివి చాలాసేపు కాగితం కింద పెట్టలేదు.

"సార్, ఆ ఊరోలు ఒక్కలైనా ఏటైనా సెప్పుకున్నారా ఎక్కడైనా?"

"లేదురా. వాళ్ళది రాసినవాడు లేడు."

"మరి ఆలు తిరగబడ్డారని మనకెవరు సెప్పారు?"

"ఈయనే."

"అయితే అమ్మినోడే సాచ్చికం కూడానా," అన్నాడు.

గైడు మొత్తంలో ఆ మాటకి సరితూగే వాక్యం ఒక్కటి లేదు. ఆ ఏడాదే వాళ్ళని శ్రీముఖలింగం గుడికి తీసుకెళ్ళాను. గోడల మీద శాసనాలు చూపించి, దీపానికి దానమిచ్చిన వాళ్ళ వివరాలు చదివి చెప్పాను. వాడు రోజూ చూసే గుడే అది. "నానిక్కడ ఆడుకున్నాను సార్, ఈ గోడలికి ఆనుకునే. ఎప్పుడూ సదవలేదు," అన్నాడు. ఎవరు ఇచ్చారన్నది ఉంది, ఆ రాయి చెక్కినవాడు ఎవరని అడిగాడు. నాకు తెలియదన్నాను. తెలియదని క్లాసులో చెప్పడం కూడా వాడి బ్యాచితోనే అలవాటైంది.

పైడిరాజు ఎమ్మే చేసి, పక్క తాలూకాలో ఒక డిగ్రీ కాలేజీలో చేరాడు. నా పద్ధతే పెట్టాడు. కాగితం ముక్కలు, మెతుకులు, అన్నీ.

పెద్దమనిషి గారి సన్మానం

పైవాళ్ళ గురించి కూడా చెప్పాలి. నా మీద పనిచేసిన ప్రిన్సిపాళ్ళలో ఇద్దరు మంచివాళ్ళు. మిగిలినవాళ్ళకి సిలబస్ ఎంతవరకు అయ్యిందన్నదే కావాలి, పిల్లలకి ఏం ఎక్కిందన్నది వాళ్ళకి అనవసరం. ఒకాయన నా క్లాసు కిటికీ దగ్గర నిలబడి, పిల్లలు మాట్లాడుతున్నారు, నేను మాట్లాడటం లేదు కనుక క్లాసు జరగడం లేదని మెమో ఇచ్చాడు. ఆ మెమో నేను దాచుకున్నాను.

ఆయనే ఒకసారి వార్షికోత్సవానికి ఊళ్ళో ఒక పెద్దమనిషిని పిలిచి, ఆయన్ని ఆ రోమన్ సేనానితోనే పోలుస్తూ సన్మానపత్రం రాయమన్నాడు. నేను రాయనని చెప్పాల్సింది. రాశాను. దిక్కుమాలిన విశేషణాలన్నీ గైడులోంచి ఎత్తి రాశాను. అదే సేనాని, అదే వక్త, అదే పరిపాలనాదక్షుడు. పెద్దమనిషి గారు మెడలో దండతో నా వైపు వంగి, "బాగుంది మేస్టారూ. ఇంతకీ ఆయన సివరికేటయ్యాడు?" అని అడిగారు.

"సభలోనే పొడిచేశారండి. సొంతవాళ్ళే," అన్నాను.

ఆయన పక్కన కూర్చున్న తన మనుషుల్ని ఒకసారి చూసుకుని, దండ తీసి బల్ల మీద పెట్టారు. ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ రాసింది రాశాననే సంగతి నవ్వులో కొట్టుకుపోదు. ఎదురుగా పిల్లలు కూర్చుని విన్నారు. కాగితం ముక్కలు అంటించిన చేతులతోనే రాశానని వాళ్ళకి తెలుసు. రాయనంటే నన్ను ఎవరూ ఏమీ చేసేవారు కాదు. మరెందుకు రాశానంటే, పైవాడు అడిగాడు కాబట్టి. ఈ ఉద్యోగంలో మనం చేసే పాడుపనుల్లో సగానికి వేరే కారణం ఉండదు.

ఎర్ర సిరా

రిటైరయ్యే ఏడాది యూనివర్సిటీ పేపర్లు దిద్దే క్యాంపుకి వెళ్ళాను. ఈ క్యాంపుల గురించి తెలియనివాళ్ళకి చెప్తాను. పెద్ద హాలు, రేకుల కప్పు, మే నెల ఎండ. జవాబు పుస్తకాల మీద పిల్లల పేర్లుండవు, నెంబర్లే ఉంటాయి. దిద్దేవాళ్ళ పేర్లూ ఉండవు. ఎదురుగా కీ అనే కాగితం ఉంటుంది. ప్రతి ప్రశ్నకీ ఏ ఏ పాయింట్లు రాస్తే ఎన్ని మార్కులు వెయ్యాలో అందులో ఉంటుంది. రోజుకి ఇన్ని కట్టలు అవ్వాలని పైనుంచి ఒత్తిడి. మూడో రోజుకి కళ్ళు అక్షరాల్ని చదవడం మానేసి పాయింట్లని వెతకడం మొదలుపెడతాయి. సేనాని అని ఉందా, ఉంది, టిక్కు. వక్త అని ఉందా, టిక్కు.

ఇలా దిద్దడం పాపమని నేను స్టాఫ్ రూములో ఏళ్ళ తరబడి ఉపన్యాసాలిచ్చినవాణ్ణి.

ఆ క్యాంపు అయిన రెండు నెలలకి పైడిరాజు మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక జవాబు పుస్తకం జిరాక్సు కాపీ. వాడి విద్యార్థి ధనలక్ష్మిది. రోమ్ పేపరులో అయిదు మార్కుల తేడాతో తప్పింది. మిగతావన్నీ పాసే. ఆమెకి విజయనగరంలో బీఈడీ సీటు వచ్చింది. ఈ పేపరు తేలకపోతే ఆ సీటు పోతుంది. తండ్రి రెండెకరాల రైతు. ఇంకో ఏడాది ఇంట్లో కూర్చోబెట్టి చదివించే ఓపిక ఆయనకి లేదు.

"ఒక్క జవాబులో పోనాది సార్," అన్నాడు పైడిరాజు. "పదిహేనుకి రెండేశారు. మీరొకసారి సూడండి."

ప్రశ్న, గాల్ యుద్ధాల్లో ఆ సేనాని సాధించిన విజయాలను వివరించమని. ఆమె మొదటి వాక్యంలోనే, ఈ విజయాల గురించి మనకు చెప్పింది ఆయన ఒక్కడే కాబట్టి ముందు ఆయన చెప్పనివి ఏమిటో చూడాలని రాసింది. తర్వాత కోట ఊరి సంగతి ఎత్తుకుంది. మూడున్నర పేజీలు. తప్పులు కొన్ని ఉన్నాయి. కానీ డిగ్రీ పిల్ల అలా రాయగలదని నేను కలలో కూడా అనుకోలేదు. రెండో పేజీలో మార్జిన్ పక్కన పై నుంచి కింది దాకా వంకర గీత. పక్కన 'ప్రశ్నకు సంబంధం లేదు' అని గబగబా గీకిన మూడు మాటలు.

ఆ గీత నాది. మూడు వంకరలు తిప్పి చివర కొక్కెంలా లాగడం నా అలవాటు. జిరాక్సులో ఎరుపు నల్లగా మారింది, అంతే తేడా.

నా పద్ధతి, నా శిష్యుడి క్లాసు, నా పేజీ. దానికి రెండు మార్కులు వేసింది నేను.

పైడిరాజు నా మొహంలోకే చూస్తున్నాడు.

"ఎవరు దిద్దారో గానీ..." అని ఆగాడు.

"చదవకుండా దిద్దాడు," అన్నాను నేను.

నోట్లోంచి అలాగే వచ్చింది, దిద్దానని కాదు, దిద్దాడని. వాడు తలూపాడు. నేను ఉత్తరం రాస్తే యూనివర్సిటీ పరీక్షల కమిటీ మళ్ళీ చూస్తుందని చెప్పి, కాపీ నా దగ్గరే ఉంచి వెళ్ళాడు.

ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. ఆ జవాబు ఎందుకు గొప్పదో రాశాను. పేరు తెలియని ఆ పరీక్షకుణ్ణి చెడామడా తిట్టాను. బాధ్యత లేదన్నాను, చదివే ఓపిక లేదన్నాను. తిట్టినకొద్దీ నాకు తేలిగ్గా అనిపించింది. సిగ్గులేని మనిషిని.

వారం తర్వాత పరీక్షల ఆఫీసు నుంచి గుమాస్తా ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు. "సార్, కీ ప్రకారం మార్కులు సరిపోనాయని కమిటీ అంటంది. దిద్దినాయనే పొరపాటైనాదని ఒక ముక్క రాసిస్తే గంటలో మారిపోతాది. ఆయనెవరో మాకు తెలీదు, నెంబరు సీక్రెట్ కదా. మీకేటైనా తెలుసా?"

అప్పటికి నా రిటైర్మెంటు ఇరవై రోజుల్లో ఉంది. సన్మానసభ కరపత్రాలు అచ్చయ్యాయి.

"తెలీదండి," అన్నాను.

ఆ ఒక్క మాటతో ధనలక్ష్మి సీటు పోయింది.

శాలువా

సభకి పైడిరాజు వచ్చాడు. మాట్లాడమంటే మైకు దగ్గరకి వచ్చి రెండు నిమిషాలే మాట్లాడాడు. "మా సారు నాకొకటే నేర్పారు. ఎవరైనా తన గురించి తను చెప్పుకుంటంటే, అందులో ఎవరి మాట లేదో చూడమన్నారు. నేనది ఇప్పటికీ చూస్తన్నాను," అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టారు. నేను శాలువా సర్దుకుంటూ కూర్చున్నాను. వాడు నా కాళ్ళకి దణ్ణం పెట్టి, భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయాడు. బస్సు టైమై ఉంటుందిలే అనుకున్నాను. తర్వాత తొమ్మిదేళ్ళలో వాడు మా ఇంటికి రాలేదు. పనుల్లో పడ్డాడనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

ఫోను

సుజాతా ఆ కుర్రాడూ టీ తాగకుండా వెళ్ళిన సాయంత్రం పైడిరాజుకి ఫోన్ చేశాను. నాలుగు చివాట్లు పెట్టాలని.

"కామాతో సహా చెప్తున్నావట నోట్సు. సిగ్గుందా నీకు?"

"ఉన్నాది సార్. కానీ ఇంకేటి సెయ్యమంటారు?" అన్నాడు నెమ్మదిగా. "కాగితం ముక్కలతో సెప్పాను, ధనలక్ష్మి తప్పింది. ఆ పిల్ల నా క్లాసుకొచ్చి, 'మీరు నేర్పింది రాస్తే నాకేటొచ్చింది సార్, మీరే రాసుకోండి' అన్నాది. మరుసటేడు గైడు బట్టీ పట్టి రాసింది. అదే ప్రశ్న, పదిహేనుకి పదమూడొచ్చాయి. ఆ రోజే ఆ కాగితాలన్నీ అటకెక్కించాను. పిల్లల్ని బలిపెట్టి నాను గొప్పోణ్ణనిపించుకోలేను సార్."

"దిద్దినవాడు ఎవడో వెధవ చేసిన పనికి నువ్వు పద్ధతే మానేస్తావా?"



"సార్, మూడేళ్ళు నా టెస్టు పేపర్లు మీరే దిద్దారు. మీ గీత నాకు తెలీదేటి?"

వాడు ఆ రోజు ఉత్తరం కోసం రాలేదు. నా చేత ఒక్క మాట చెప్పించుకోడానికి వచ్చాడు. నేను చెప్పలేదు.

"అప్పుడే ఎందుకు అడగలేదురా?"

"మీరే సెప్తారనుకున్నాను. ఇరవై రోజులు సూశాను. సభలో కూడా సూశాను."

"ధనలక్ష్మికి తెలుసా?"

"సెప్పలేదు. మీ గురించి ఆ పిల్లకి ఎంతో సెప్పాను సార్ అంతకుముందు. ఎలా సెప్పను?"

ఇంతకాలం నేను గైడుల మీద, ప్రిన్సిపాళ్ళ మీద, క్యాంపుల మీద, ఫోన్లో నోట్సు అడిగే పిల్లల మీద కోప్పడుతూ బతికాను. అందులో చాలా కోపం న్యాయమైందే, వెనక్కి తీసుకోను. కానీ సుజాతకి నోట్సు చెప్పిన పైడిరాజుని అలా తయారుచేసింది నేను. ఆ పిల్ల మీద అరిచే హక్కు ఊళ్ళో ఎవరికైనా ఉంది గానీ నాకు లేదు.

కబురు పెట్టి సుజాతనీ ఆ కుర్రాణ్ణీ మళ్ళీ రమ్మన్నాను. జిరాక్సు బయటికి తీశాను. రెండో పేజీ కింద నా పేరు రాసి, దాని మీద కాగితం ముక్క అన్నం మెతుకుతో అంటించి వాళ్ళ చేతికిచ్చాను. జవాబూ దిద్దినవాడి రాతా చదివి, ఇతనెలాంటివాడో చెప్పమన్నాను.

సుజాత నిదానంగా చదివింది. "సదివి దిద్దినట్టు లేదు సార్. సదివుంటే ఇది రాయడు. గబగబా లాగేశాడు గీత," అంది.

"కాగితం తియ్యి."

తీసింది. చూసింది. కుర్రాడికి చూపించింది. జిరాక్సు బల్ల మీద పెట్టి సుజాతే అడిగింది.

"ఆ అమ్మాయికి తెలుసా సార్?"

"తెలీదు."

"మరి ముందు మాకెందుకు సెప్తన్నారు?"

వాళ్ళకి చెప్తే నాకు పోయేదేమీ లేదు. ఆ సంగతి ఆ పిల్లకి వెంటనే తెలిసిపోయింది.

ధనలక్ష్మి

ధనలక్ష్మి ఇప్పుడు శ్రీకూర్మం దారిలో ఒక గ్రామ సచివాలయంలో పనిచేస్తోంది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాను. పింఛన్ల పని మీద వచ్చిన ముసలివాళ్ళతో పాటు వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక నేనెవరో చెప్పాను.

"పైడిరాజు సార్ వాళ్ళ సారా? కూర్చోండి," అని కుర్చీ వేసింది.

కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. గీత నాదని, గుమాస్తా అడిగితే తెలీదన్నానని, ఎందుకన్నానో కూడా. శాలువా సంగతి వదలలేదు. ఆమె కంప్యూటర్ వైపు చూస్తూ విన్నది. వేళ్ళు కదల్లేదు.

"మా నాన్న నన్ను ఆ ఏడాది జీడితోటకి పంపించాడు సార్, గింజలేరడానికి," అంది. "పరీక్ష తప్పినోలికి కుర్చీ ఎందుకన్నాడు. పైడిరాజు సార్ మీద నాకు సానా కోపమొచ్చింది. ఆయన్ని అనకూడని మాటలన్నాను. ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు."

"వాడు నన్ను కాపాడాడు," అన్నాను.

"అవును. నన్ను కాపాడలేదు."

క్షమించమని అడగడానికి మొహం చెల్లలేదు. సంచిలోంచి జిరాక్సు తీసి బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని దగ్గరకి లాక్కుని తన చేతిరాత తను చదువుకుంది. వెనకాల వరసలో ఎవరో దగ్గారు. ఆమె చెయ్యెత్తి ఆగమంది, పూర్తిగా చదివింది.

"ఇప్పుడు దిద్దితే ఎన్నేస్తారు?" అంది.

"పన్నెండు."

"ఆ మూడూ ఎందుకు తగ్గించారు?"

అడుగుతుందని అనుకోలేదు. అయినా లెక్చరరు బుద్ధి ఎక్కడికి పోతుంది? చెప్పాను. ఊరిని అమ్మేశాడని రాశావు, బాగుంది. కానీ ఆ ఊరివాళ్ళు లొంగిపోయాక ఆయుధాలు దాచుకుని రాత్రి తిరగబడ్డారు. అది నువ్వు రాయలేదు. రెండు వైపులా రాయాలి కదమ్మా అన్నాను.

ధనలక్ష్మి నన్ను కాసేపు చూసింది. కోపంగా కాదు. మా క్లాసులో వెనక బెంచీ పిల్లలు నేను పొరపాటు చేసినప్పుడు చూసినట్టు చూసింది.

"ఆలు తిరగబడ్డారని సెప్పినోడు కూడా అమ్మినోడే కదా సార్. ఇంకోవైపు ఎక్కడున్నాది?"

తొమ్మిదేళ్ళ కిందటి ఆమె జవాబులోనే ఆ మాట కూడా ఉందేమోనని అనుమానమొచ్చింది. మూడో పేజీ తిప్పి చూశాను. ఉంది. ఇప్పుడు కూడా నేను దాన్ని సరిగా చదవకుండానే వచ్చాను.

నా జేబులో పెన్ను లేదు. ఆమెని అడిగి తీసుకున్నాను. రెండు కొట్టేసి పదిహేను వేసి, పక్కన నా పేరు రాసి, సంతకం పెట్టాను. అది ఎక్కడా చెల్లదని మా ఇద్దరికీ తెలుసు. ఆమె ఆ కాగితాలు మడిచి సొరుగులో పెట్టుకుని, "తర్వాత ఎవరండీ, రండి," అని పిలిచింది.